కంప్యూటరులో ఫైలుకు దారి : నిరపేక్షము, సాపేక్షము

విజ్ఞానశాస్త్రమునందు ఒకరు చేసిన ప్రయోగమును మరొకరు చేసి చూచినప్పుడు అదే ఫలితము రావలెను. లోలకము యొక్క ఆవర్తనకాలమును గుంటూరులో కొలిచినను, వరంగల్లులో కొలిచినను, పొడవు ఒకటే అయినచో విలువ ఇంచుమించు ఒకటే వచ్చును. రాకున్నచో ఎక్కడనో పొరపాటు జరిగినదని వెదకుదుము.

ఈనాడు కొలతలు తీసిన పిమ్మట చేయవలసిన లెక్కలలో చాలభాగము కంప్యూటరుపై జరుగుచున్నది. కావున పై నియమము ఈ లెక్కలకు కూడ వర్తింపవలెను. కాని ఒక బల్లమీది కంప్యూటరులో చక్కగా నడచిన లెక్క, పక్క బల్లమీది కంప్యూటరులో మొదటి పంక్తియందే ఆగిపోవుట తరచుగా జరుగుచున్నది. సూత్రములో తప్పు లేదు, కూడికలో తప్పు లేదు. "అట్టి ఫైలు లేదు" అని మాత్రము కంప్యూటరు చెప్పును. ఫైలు అక్కడనే యుండును. దానికి మనము చెప్పిన దారి మాత్రమే తప్పు.

ఇది అరుదైన సంగతి కాదు. పరిశోధకులు తమ లెక్కలను ఇతరులు సరిచూచుకొనుటకై భద్రపరచు భాండారములలో హార్వర్డ్ విశ్వవిద్యాలయమువారి 'డేటావర్స్' ఒకటి. అందులోని 'ఆర్' భాషలో వ్రాసిన 9,000కు పైగా ఫైళ్లను కొందరు శాస్త్రజ్ఞులు వేరొక కంప్యూటరుపై నడిపి చూచి, 2022లో 'సైంటిఫిక్ డేటా' అను పత్రికలో ఫలితములను ప్రకటించిరి. నూటికి 74 ఫైళ్లు లోపముతో ఆగిపోయినవి. తరచుగా కనిపించు లోపములను సవరించి మరల నడుపగా ఆ సంఖ్య నూటికి 56కు తగ్గినది. ఆ సవరణలలో ఫైళ్ల మార్గములను సరిదిద్దుట ఒకటి. వైఫల్యములన్నిటికిని మార్గములే కారణము కాదు. లెక్కకు కావలసిన ఇతర ప్యాకేజీలు ఆ కంప్యూటరులో లేకపోవుట మొదలగు కారణములు కూడ కలవు. అయినను మిగిలినవానికంటె సులభముగా నివారింపదగినది ఈ మార్గముల దోషమే. అది ఎట్లు పుట్టునో, ఎట్లు పోవునో ఇచ్చట తెలిసికొందము.

చెట్టువంటి అమరిక

కంప్యూటరుచే చేయింపవలసిన పనులను వరుసగా వ్రాసిన పత్రమును 'స్క్రిప్టు' అందురు. కొలతలు వ్రాసియుంచిన పట్టికలు వేరు ఫైళ్లలో ఉండును. స్క్రిప్టు ఆ ఫైళ్లను తెరచి, చదివి, లెక్కకట్టి, ఫలితమును మరియొక ఫైలులో వ్రాయును. చిల్లుల కార్డులు వాడిన కాలములో ఆదేశముల కార్డుల వెనుకనే దత్తాంశముల కార్డులను పేర్చి, ఒకే కట్టగా యంత్రమునకు అందించుట వాడుక. రెండును ఒకే కట్టలో ఉండుటచే దారి చెప్పవలసిన అవసరము అంతగా కలుగలేదు. ఫైళ్లు కంప్యూటరులోనే శాశ్వతముగా నిలిచి, అనేకులు ఒకే యంత్రమును పంచుకొనుట మొదలైన పిమ్మట 'ఏ ఫైలు? ఎవరిది? ఎక్కడ నున్నది?' అను ప్రశ్నలు పుట్టినవి.

అమెరికాలో 'మల్టిక్స్' అను పద్ధతిని రూపొందించుచున్నవారిలో డేలీ, న్యూమన్ అను ఇరువురు 1965లో ఒక వ్యాసమున దీనికి సమాధానము వివరించిరి. వారి పద్ధతిలో ఫైళ్లు చెట్టు ఆకారమున అమరియుండును. వేరునుండి కొమ్మలు, కొమ్మలనుండి రెమ్మలు, రెమ్మల చివర ఆకులు. ఆకులు ఫైళ్లు, కొమ్మలు డైరెక్టరీలు. డైరెక్టరీనే నేడు మనము ఫోల్డరు అనుచున్నాము. 1969లో బెల్ ప్రయోగశాలలలో ప్రారంభమైన 'యునిక్స్' ఈ అమరికను స్వీకరించి, కొమ్మకును కొమ్మకును నడుమ '/' అను ఏటవాలు గీతను గుర్తుగా పెట్టినది. నేటి కంప్యూటర్లన్నిటిలో ఉన్నది ఈ చెట్టే.

ఒక ఉదాహరణము తీసికొందము. లక్ష్మి అను విద్యార్థిని తన పాఠశాలలోని వర్షమాపకముతో ప్రతిదినము వర్షపాతమును కొలిచి, నెలకొక ఫైలుగా కంప్యూటరులో వ్రాసియుంచినదనుకొందము. ఆమె 'వర్షపాతము' అను డైరెక్టరీని ఏర్పరచి, దానిలో 'ముడి_లెక్కలు', 'స్క్రిప్టులు', 'ఫలితములు' అను మూడు చిన్న డైరెక్టరీలను పెట్టినది. ముడి_లెక్కలలో మరల 2022, 2023 అను రెండు గలవు. ఒక్కొక్కదానిలో 'జూన్', 'జూలై' మొదలగు ఫైళ్లున్నవి.

రెండు విధముల మార్గములు

ఇప్పుడు 2023 జూన్ ఫైలుకు దారి చెప్పవలెను. ఒక విధము ఇది:

/గృహము/లక్ష్మి/వర్షపాతము/ముడి_లెక్కలు/2023/జూన్

ఇది చెట్టు వేరునుండి మొదలై ఆకువరకు పోవును. మొదటనున్న '/' గుర్తే వేరు. దీనిని నిరపేక్ష మార్గమందురు. ఎవరు ఎచ్చట నిలిచి చదివినను దీని అర్థము మారదు. రెండవ విధము ఇది:

ముడి_లెక్కలు/2023/జూన్

ఇది వేరునుండి మొదలుకాదు. చదువువాడు అప్పటికి నిలిచియున్న చోటినుండి మొదలగును. దీనిని సాపేక్ష మార్గమందురు. ఇందు రెండు గుర్తులు విశేషముగా ఉపయోగపడును. ఒక చుక్క '.' అనగా 'ఇక్కడ'. రెండు చుక్కలు '..' అనగా 'ఒక మెట్టు పైకి'. స్క్రిప్టులు అను డైరెక్టరీలో నిలిచినవాడు '../ముడి_లెక్కలు/2023/జూన్' అన్నచో, ఒక మెట్టు పైకెక్కి, పక్క కొమ్మలోనికి దిగి, ఫైలును చేరును.

ఈ రెండింటిలో ఏది మేలు? నిరపేక్షమే మేలని మొదట తోచును. ఉత్తరముపై పూర్తి చిరునామా వ్రాసినచో అది ఎక్కడ వేసినను చేరును గదా! కాని ఇక్కడ ఒక భేదమున్నది. ఉత్తరము వ్రాసినపుడు ఇల్లు కదలదు. మన లెక్క విషయమున ఇల్లే కదలుచున్నది. లక్ష్మి ఆ వర్షపాతము డైరెక్టరీని అంతయు ఒక పెన్ డ్రైవులో పెట్టుకొని విజ్ఞానప్రదర్శనకు వేరొక ఊరికి పోయినదనుకొనుడు. అక్కడి కంప్యూటరులో 'లక్ష్మి' అను పేరుగల కొమ్మయే లేదు. అది విండోస్ కంప్యూటరైనచో '/గృహము' కూడ లేదు. దానికి బదులు 'సి:' అను వేరున్నది. స్క్రిప్టు మొదటి పంక్తిలోనే ఆగిపోవును.

ఇల్లు మారిన కుటుంబమును తలచుకొనుడు. "పోపులపెట్టె ఎక్కడ?" అన్నవారికి పాత వీధి పేరు, పాత ఇంటి నెంబరు, వంటగది, రెండవ అర అని చెప్పినచో ఇల్లు మారిన మరునాడు ఆ మాటకు విలువ లేదు. "వంటగదిలో రెండవ అర" అని చెప్పినచో, సామాను అదేవిధముగా సర్దుకొన్నంతకాలము ఎన్ని ఇండ్లు మారినను ఆ మాట నిజమే.

గణితోపాధ్యాయులు ఇదే సంగతిని రేఖాగణితమున చూపగలరు. (1,1), (4,1), (1,5) అను బిందువులు శీర్షములుగా ఒక త్రిభుజమును గీయుడు. భుజములు 3, 4, 5. దానిని అడ్డముగా 10, నిలువుగా 20 జరిపినచో శీర్షములు (11,21), (14,21), (11,25) అగును. నిరూపకములన్నియు మారినవి, భుజములు మాత్రము 3, 4, 5గానే ఉన్నవి. నిరపేక్ష మార్గము నిరూపకమువంటిది, సాపేక్ష మార్గము భుజమువంటిది. మొత్తము జరిగినపుడు మిగులునది పరస్పర సంబంధమే. లెక్క ఒక బల్లనుండి మరొక బల్లకు పోవలెనన్నచో దానిలోని దారులు ఈ సంబంధములపై ఆధారపడి యుండవలెను.

పనిస్థానము

సాపేక్ష మార్గమునకు 'నిలిచియున్న చోటు' కావలెనని చెప్పితిమి. కంప్యూటరులో నడచుచున్న ప్రతి పనికిని అట్టి చోటొకటి ఉండును. దీనిని 'వర్కింగ్ డైరెక్టరీ' అందురు. మనము పనిస్థానమని చెప్పుకొందము. ఈ భావము కూడ 1965 నాటి ఆ వ్యాసములోనిదే. యునిక్స్ తెగకు చెందిన కంప్యూటర్లలో పనిస్థానమేదో తెలిసికొనుటకు ఇచ్చు ఆదేశము 'పి.డబ్ల్యు.డి.' ఈ అక్షరములు చూడగానే మన ప్రాంతమువారికి రోడ్లు వేయు ప్రభుత్వ శాఖ జ్ఞప్తికి వచ్చును; ఇక్కడ మాత్రము 'పనిస్థానమును అచ్చువేయుము' అని అర్థము. పనిస్థానమును మార్చు ఆదేశము 'సి.డి.'

చిక్కు ఎక్కడనన్న, పనిస్థానము స్క్రిప్టులో వ్రాసియుండదు. స్క్రిప్టును ఎవరు, ఏ విధముగా నడిపిరో దానినిబట్టి అది నిర్ణయమగును. ఒక పని మరొక పనిని ప్రారంభించినపుడు తన పనిస్థానమునే దానికి సంక్రమింపజేయుట సాధారణ పద్ధతి. అందుచే ఒకే పైథాన్ స్క్రిప్టును వర్షపాతము డైరెక్టరీలో నిలిచి నడిపిన ఒక పనిస్థానము, స్క్రిప్టులు డైరెక్టరీలో నిలిచి నడిపిన మరొకటి వచ్చును. ప్రతి రాత్రియు నియమితవేళకు దానంతటదే నడుచునట్లు 'క్రాన్' అను ఏర్పాటుచే నడిపించినపుడు సాధారణముగా పనిస్థానము ఆ వినియోగదారుని గృహ డైరెక్టరీయే. పగలు చక్కగా నడచిన స్క్రిప్టు రాత్రి నడువలేదన్నచో మొట్టమొదట అనుమానింపవలసినది దీనినే.

'ఆర్' భాష వాడువారికి మరొక అనుభవము కలుగును. 'ఆర్ స్టూడియో'లో ఒక ప్రాజెక్టును తెరచినపుడు పనిస్థానము ఆ ప్రాజెక్టు డైరెక్టరీ అగును. కాని ఆ ప్రాజెక్టులోని ఉపడైరెక్టరీలో నున్న 'ఆర్ మార్క్ డౌన్' నివేదికను తయారుచేయించినపుడు, వేరుగా చెప్పకున్నచో, ఆ నివేదిక ఉన్న డైరెక్టరీయే పనిస్థానమగును. ఒకే పంక్తి ఒకచోట పనిచేసి, మరొకచోట చేయదు. విద్యార్థి ఆశ్చర్యపడును, ఆశ్చర్యమునకు కారణము లేదు. త్రాసు ఒకటే, నిలబెట్టిన నేల వేరు.

అరచు తప్పు, అరవని తప్పు

ఫైలు దొరకక స్క్రిప్టు ఆగిపోవుట ఇబ్బందియే కాని ప్రమాదము కాదు. తప్పు జరిగినదని అది అరచి చెప్పుచున్నది. అరవని తప్పు వేరొకటి గలదు.

లక్ష్మి తన స్క్రిప్టులో దారిని క్లుప్తముగా 'జూన్' అని మాత్రము వ్రాసినదనుకొందము. పనిస్థానము 2023 అను డైరెక్టరీ అయినపుడు ఆ యేటి ఫైలును చదివి, జూన్ నెల మొత్తము 96 మిల్లీమీటర్లని చెప్పినది. మరునాడు ఆమె పాత లెక్కలు చూచుకొనుచు 2022 డైరెక్టరీలో నిలిచి అదే స్క్రిప్టును నడిపినది. అక్కడను 'జూన్' అను ఫైలున్నది. కంప్యూటరు ఏ ఆక్షేపణయు చెప్పక 148 మిల్లీమీటర్లని చూపినది. పట్టిక పైభాగమున మాత్రము '2023' అని ఆమె వ్రాసిన శీర్షికయే ఉన్నది. రెండు సంఖ్యలును నమ్మదగినవిగనే కనిపించును. స్క్రిప్టును ఎన్నిసార్లు చదివినను తప్పు కనబడదు, ఏలయన తప్పు స్క్రిప్టులో లేదు.

వ్రాయునపుడు ఇది ఇంకను ప్రమాదకరము. ఫలితమును 'పట్టిక' అను పేరుతో వ్రాయుమని చెప్పినచో, పనిస్థానములో అదే పేరుగల పాత ఫైలుండిన యెడల, సాధారణముగా దానిపైననే వ్రాయబడును; పాతది పోవును. ముడి లెక్కల ఫైలే అట్లు పోయినచో, ఆ దినముల వర్షమును మరల కొలువజాలము. అందువలన ముడి లెక్కలు వేరుగా, ఫలితములు వేరుగా ఉంచవలెను; ముడి లెక్కలను చదువుటకే గాని మార్చుటకు వీలులేని ఫైళ్లుగా అమర్చుకొనుట మంచిది.

మూలబిందువును స్థిరపరచుట

ఇంతవరకు చెప్పినదానిని బట్టి రెండు కోరికలు తేలుచున్నవి. దారులు సాపేక్షముగా ఉండవలెను. అవి ఏ బిందువునుండి బయలుదేరునో ఆ బిందువు స్థిరముగా ఉండవలెను.

చాలమంది చేయునది స్క్రిప్టు మొదటి పంక్తిలోనే పనిస్థానమును మార్చు ఆదేశము వ్రాయుట. 'ఆర్' భాషలో దీనిని 'సెట్ డబ్ల్యు.డి.' అందురు. దానిలో నిరపేక్ష మార్గము వ్రాసినచో పాత చిక్కే మరల వచ్చినది. ఆ పంక్తి ఒక్క కంప్యూటరులోనే పనిచేయును. సాపేక్ష మార్గము వ్రాసినచో వేరొక చిక్కు. 'ముడి_లెక్కలులోనికి పొమ్ము' అను పంక్తిని ఒకసారి నడిపినచో సరిపోవును. ఏదో సవరించి, అదే కూర్పులో మొదటినుండి మరల నడిపినచో, ఇప్పటికే ముడి_లెక్కలులో నిలిచిన కంప్యూటరు, దానిలోపల మరియొక ముడి_లెక్కలు ఉన్నదేమోయని వెదకును. పనిస్థానమును మధ్యలో మార్చు స్క్రిప్టులో ప్రతి దారికిని అర్థము దాని ముందున్న పంక్తులపై ఆధారపడును.

మేలైన పద్ధతులు మూడు గలవు. మొదటిది: ఒక లెక్కకు సంబంధించినవన్నియు ఒకే డైరెక్టరీలో ఉంచి, దానిని ప్రాజెక్టుగా తెరచి, ఎల్లప్పుడును అక్కడనుండియే నడుపుట. రెండవది: స్క్రిప్టు తానున్న చోటును తానే తెలిసికొని, అక్కడనుండి దారులు కట్టుట. పైథాన్ భాషలో స్క్రిప్టు ఫైలుగా నడచునపుడు దాని స్థానము తెలియు ఏర్పాటు గలదు. 2014లో వెలువడిన పైథాన్ 3.4తో వచ్చిన 'పాత్ లిబ్' అను భాగము సాయమున ఆ స్థానమునుండి ఒక మెట్టు పైకెక్కి, ముడి_లెక్కలులోనికి దారి కట్టవచ్చును. మూడవది: పనిస్థానమునుండి ఒక్కొక్క మెట్టు పైకెక్కుచు, ప్రాజెక్టునకు గుర్తుగా పెట్టిన ఫైలు ఎక్కడ దొరకునో అదే మూలబిందువని గ్రహించుట. 'ఆర్' భాషలోని 'హియర్' అను ప్యాకేజీ ఇట్లు చేయును. పొలము హద్దు తెలియనివాడు హద్దురాయి కనబడువరకు నడచినట్లు ఇది.

నిరపేక్ష మార్గమును పూర్తిగా విడువవలెనని దీని భావము కాదు. పెద్ద దత్తాంశములను అందరికిని ఉమ్మడిగా ఒకే చోట ఉంచినపుడు దాని చిరునామా చెప్పక తప్పదు. అప్పుడు ఆ చిరునామాను స్క్రిప్టులలో నలువైపుల చల్లక, ఒక అమరిక ఫైలులో ఒక్కచోటనే వ్రాయవలెను. చోటు మారినపుడు ఒక్క పంక్తి దిద్దిన చాలును.

పేర్లలోని చిక్కులు

దారి సరియైనను పేర్లు చిక్కు పెట్టవచ్చును. మొదటిది గీత. 1981లో వచ్చిన ఎం.ఎస్. డాస్ మొదటి రూపములో డైరెక్టరీలు లేవు. '/' గుర్తును ఆదేశములకు షరతులు చేర్చుటకు వాడిరి. 1983లో డైరెక్టరీలు ప్రవేశపెట్టునప్పటికి ఆ గుర్తు ఖాళీగా లేదు. అందుచే ఎదురుగీత '\' వచ్చినది. విండోస్ దానినే వారసత్వముగా పొందినది. పైథాన్, ఆర్ భాషలలో ఎదురుగీతకు వేరు పని గలదు. దాని తరువాత ఆంగ్లపు చిన్న 'ఎన్' అక్షరమున్నచో 'కొత్త పంక్తి' అని అర్థము. కావున విండోస్ మార్గమును ఉన్నదున్నట్లు అతికించినచో స్క్రిప్టు తికమకపడును. ఈ భాషలలో '/' వ్రాసినను విండోస్ అంగీకరించును గనుక దానినే వాడుట మేలు.

రెండవది ఆంగ్లపు పెద్ద, చిన్న అక్షరములు. విండోస్‌లో సాధారణముగా వానికి భేదము లేదు, లినక్స్‌లో కలదు. తెలుగులో పెద్ద, చిన్న అక్షరములు లేవు గనుక తెలుగు పేర్లకు ఈ బాధ లేదు. కాని మనకు వేరొక బాధ కలదు. యూనికోడ్ పద్ధతిలో ఐత్వమును ఒకే సంకేతముగా వ్రాయవచ్చును. ఎత్వమును, దాని క్రింది గుర్తును విడివిడిగా రెండు సంకేతములుగా వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే. 'హైదరాబాదు' అను పేరుగల రెండు ఫైళ్లు లినక్స్‌లో ఒకే డైరెక్టరీలో పక్కపక్కన ఉండగలవు! ఆ ఒక్క గుర్తుకు ఒకదానిలో 3 బైట్లు, మరొకదానిలో 6 బైట్లు పట్టును. స్క్రిప్టులో ఒక విధముగను, ఫైలు పేరులో మరొక విధముగను ఉన్నచో 'ఫైలు లేదు' అనియే జవాబు. ఆ 'ఫైలు' అను మాటలో సైతము ఐత్వమున్నది! అనేక కంప్యూటర్లపై నడువవలసిన లెక్కలకు సాదా ఆంగ్ల చిన్న అక్షరములు, అంకెలు, అడుగుగీత మాత్రమే పేర్లలో వాడుదురు. ఇందుకు కారణము భాషాభిమానము లేకపోవుట కాదు. ఈ సంకేతముల భేదమే.

తరగతిలో చేయదగిన పరీక్ష

ఉపాధ్యాయులు ఈ విషయమును ఒక గంటలో చేయించి చూపవచ్చును. విద్యార్థులను ఇద్దరిద్దరుగా కూర్చుండబెట్టుడు. ప్రతివాడును పది కొలతల సగటు కట్టు చిన్న స్క్రిప్టును వ్రాసి, తన డైరెక్టరీని అంతయు ప్రక్కవాని కంప్యూటరుకు పంపవలెను. ప్రక్కవాడు ఒక్క అక్షరమైనను దిద్దక దానిని నడుపవలెను. పిమ్మట ఆ డైరెక్టరీ పేరు మార్చి ఒకసారి, దానిని వేరొక డైరెక్టరీలోనికి జరిపి ఒకసారి, వేరొక పనిస్థానమునుండి మరొకసారి నడుపవలెను. నాలుగుసార్లును ఒకే సగటు వచ్చినచో పరీక్ష నెగ్గినట్లు. ఆగిపోయినచో ఏ పంక్తిలో ఆగినదో, అప్పుడు పనిస్థానమేదో వ్రాసికొనవలెను. ఆగకయే వేరు సగటు వచ్చినచో, ఆ జంటను తరగతి ముందుకు పిలిచి కారణము వెదకించుడు. అందరును నేర్చుకొనవలసినది అక్కడనే ఉన్నది.

ప్రయోగశాల పుస్తకములో పరికరము పేరు, తేదీ, ఉష్ణోగ్రత వ్రాయుట మనకు అలవాటు. కంప్యూటరు లెక్కలో స్క్రిప్టు మొదట పనిస్థానమును, చదివిన ఫైలు పూర్తి మార్గమును ఫలితముతోబాటు అచ్చువేయించుట అట్టిదే. రెండు పంక్తుల పని. లక్ష్మి ఆ రెండు పంక్తులు వ్రాసియుండినచో 148 అను సంఖ్య ప్రక్కనే '2022' అని కనబడియుండెడిది.